కడగకూడని మెడపట్టీ

మ్యూజియంలో గాజుపెట్టె ముందు నిలబడి, పక్కన అంటించిన నాలుగు లైన్ల చీటీ చదివి, తల ఊపి ముందుకు కదులుతారే, ఆ చీటీని మీరు ఎందుకు నమ్ముతారు?

జాతకం చెప్పేవాణ్ణి ఎగతాళి చేసేవాళ్ళు మీలో ఉన్నారు. వాట్సాప్‌లో వచ్చిన ఆరోగ్య సలహాకి ఆధారం చూపించమని మేనమామతో పోట్లాడేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళే మ్యూజియంలోకి రాగానే చేతులు కట్టుకుంటారు. గోడ తెల్లగా ఉంది, వెలుతురు మెత్తగా ఉంది, అక్షరాలు అచ్చులో ఉన్నాయి. అంతే, ప్రశ్న ఆగిపోతుంది. నేను ఆ గోడ వెనక గదిలో నా ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఆ చీటీలు ఎలా పుడతాయో కళ్ళారా చూశాను. నమ్మదగ్గవి లేవని అనను. ఏది నమ్మదగ్గదో చీటీ మొహం చూసి చెప్పలేమని మాత్రం ఘంటాపథంగా అంటాను.

అమెరికాలో, రెడ్‌మండ్‌లో, చాండ్లర్‌లో, కాపెల్‌లో పెరిగిన మన పిల్లలు కొందరు ఈమధ్య కంప్యూటర్లు వద్దని ఈ పనిలోకి వస్తున్నారు. ఫోన్ చేసి, "ఆంటీ, ఈ ఫీల్డ్‌లో జాబ్స్ ఉంటాయా? మా డాడీ కన్విన్స్ అవట్లేదు" అంటారు. ఉద్యోగాల సంగతి కాలేజీవాళ్ళు చెబుతారు. డాడీల సంగతి నా చేతిలో లేదు. చేరాక ఎలా బతకాలో మాత్రం చెప్పగలను.

పని ఏమిటంటే

మ్యూజియానికి వచ్చిన పాత గుడ్డలు ఇంకా పాడవకుండా చూడటం నా పని. చీరలు, జెండాలు, దుప్పట్లు, దొరల కోట్లు, ఏవైనా సరే. కెమిస్ట్రీ చదివాను. భర్త ఉద్యోగం వల్ల రెడ్‌మండ్ వచ్చాను, వీసా వల్ల కొన్నేళ్ళు ఇంట్లో కూర్చున్నాను, తర్వాత మళ్ళీ చదువుకుని నగరంలోని ఒక మ్యూజియంలో చేరాను. దీనికి మించి ఆ ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

అసలు శిక్షణ అంతకుముందే జరిగింది. మా ఊరి గ్రంథాలయంలో ఆదివారాలు మా నాన్న చర్చలు పెట్టించేవారు. శకునాలు, ముహూర్తాలు, వితంతు వివాహం, సహపంక్తి భోజనాలు, ఏదైనా చర్చకి వచ్చేది. అక్కడ ఒక నియమం ఉండేది. ప్రశ్న వేసిన మనిషి జవాబు వచ్చేదాకా కూర్చోకూడదు. కాళ్ళు నొప్పులు పుట్టినా సరే, తృప్తి కలగకపోతే నిలబడే ఉండాలి. జవాబు చెప్పేవాళ్ళకి నిలబడిన మనిషి ఎంత ఇబ్బందో నాకు అక్కడే తెలిసింది. ఉద్యోగంలో నేను వాడిన పనిముట్లలో సూక్ష్మదర్శిని తర్వాత స్థానం ఆ నిలబడటానిదే.

గుడ్డని ఎప్పుడైనా మొదట లోపలికి తిప్పి చూడండి. పైవైపు చూపించడానికి కుట్టింది, లోపలివైపు బతకడానికి కుట్టింది. ఎవరు ఎక్కడ విప్పారు, ఎక్కడ మడిచారు, ఏ చిరుగుకి ఏ ముక్క వేశారు, అన్నీ లోపలే ఉంటాయి. కడగడం మాత్రం చిట్టచివర. చాలాసార్లు అసలు కడగనే కూడదు. గుడ్డ ఇచ్చే సాక్ష్యంలో సగం మురికిలోనే ఉంటుంది. ఈ ముక్క చెబితే మా అత్తగారు కూడా నవ్వేవారు. "అయితే నీ జీతం మురికి కాపలాకన్నమాట" అనేవారు. తప్పేం అనలేదు.

మేడ మీది పెట్టెలు

చైనాటౌన్‌లో కిరాణా కొట్టు పైన ఒక హాలు ఉండేది. ఒకప్పుడు చైనా నుంచి ఓడల మీద నాటక బృందాలు వచ్చి అమెరికా పడమటి తీరంలో ఊరూరా ఆడేవి. చూసేవాళ్ళు పగలంతా లాండ్రీల్లో, చేపల డబ్బాల ఫ్యాక్టరీల్లో, హోటళ్ళ వంటగదుల్లో పనిచేసిన జనం. సినిమాలు వచ్చాక బృందాలు విడిపోయాయి. మిగిలిన దుస్తులూ వాద్యాలూ ఆ హాలుకి చేరాయి. అక్కడి సంఘంవాళ్ళు వాటితోనే చాలాకాలం ఆడుతూ వచ్చారు. చివరికి ఆ భవనం అమ్ముడైపోయి, పెట్టెలు మా మ్యూజియానికి వచ్చాయి. వాటి వెంట ఆ సంఘంలో మిగిలిన ఆఖరి మనిషి మిసెస్ చిన్ కూడా వచ్చింది. ఎనభై దాటిన మనిషి, చెవులు పదును, నోరు ఇంకా పదును.

పెట్టెల్లో ఏమున్నాయో చెబితే మీకు ఆశ పుడుతుంది. చిన్న చిన్న గుండ్రటి అద్దాలు కుట్టిన సేనాపతి కవచాలు, మనిషి చేతికంటే పొడుగైన నెమలిజాతి పిట్ట తోకలు, తీగకి వేలాడదీసిన వెంట్రుకల గడ్డాలు, జానెడు మందం తెల్ల అడుగు వేసిన బూట్లు, వెండి కాగితం అంటించిన చెక్క కత్తులు. సన్నటి వెదురుపుల్లల్ని పూసల్లా తరిగి, వలలా గుచ్చిన లోపలి చొక్కా ఒకటి ఉంది. చెమట పై అంగీకి అంటకుండా దాన్ని ఒంటికి తొడుక్కునేవాళ్ళు. పై అంగీని ఎప్పటికీ ఉతకరు. బంగారు దారం నల్లబడుతుంది, పట్టు ముడుచుకుంటుంది. ఆట అయ్యాక బియ్యపు సారా చిలకరించి నీడలో ఆరేస్తారు. ఉతకవలసినవి విడిగా ఊడొచ్చేటట్టు కుడతారు.

ఒక పెట్టెలో చెక్కబొమ్మ పిల్లవాడు బోర్లా పడుకుని ఉన్నాడు. ఆసియా కళల విభాగం పెద్ద మా రిచర్డ్. మంచివాడే. ఆ విభాగం ఖాళీ అయితే కుర్చీలూ బల్లల విభాగం నుంచి తెచ్చి కూర్చోబెట్టారు. బొమ్మ చూడగానే, "పూజా విగ్రహం. బోర్లా పెట్టడం ఏదో రహస్య ఆచారం" అన్నాడు. మిసెస్ చిన్ పడీ పడీ నవ్వింది.

"అది నాటకంలో పసిబిడ్డ! ఎవరు తల్లి వేషం వేస్తే వాళ్ళ చేతిలో ఉంటుంది."

"మరి పూజ చేయరా?"

"చేస్తాం. పెట్టెలో ఉన్నంతసేపు దేవుడే. స్టేజి ఎక్కితే బిడ్డ."

పధ్నాలుగో ఏట నుంచి విగ్రహాల మీద వాదిస్తున్నదాన్ని నేను. వేషం కట్టి పనిచేసే దేవుణ్ణి మొదటిసారి అప్పుడే చూశాను. అయినా రిచర్డ్ చీటీలో 'పూజా విగ్రహం' అనే రాయించాడు. బిడ్డ సంగతి ఎగిరిపోయింది. అప్పుడే నాకు అనుమానం మొదలైంది. ఈ మనిషికి వస్తువు ఏమిటన్నది ముఖ్యం కాదు, దాని వల్ల గది ఎంత గంభీరంగా కనిపిస్తుందన్నదే ముఖ్యం.

'ఉండొచ్చు' అనే మాట

ఆ పెట్టెల్లో అన్నిటికంటే అందమైనది ఒక ఎర్ర అంగీ. ఒంటినిండా బంగారు దారంతో పాములాంటి డ్రాగన్లు, కింద నీలం కెరటాలు. వేరే పని మీద వచ్చిన ఒక పురాతన వస్తువుల వ్యాపారి దాన్ని చూసి, "ఇది రాజదర్బారుది అయి ఉండొచ్చు" అన్నాడు. రిచర్డ్ మొహం వెలిగిపోయింది. మ్యూజియంలో చైనాటౌన్ వస్తువులకి ఇచ్చిన గదిలో పెట్టాల్సిన అంగీని ముందు హాలు మధ్యలోకి మార్చాడు. 'చక్రవర్తి కొలువు నుంచి' అని చీటీ కూడా సిద్ధమైంది.

ఆ అంగీ తన తల్లిదని మిసెస్ చిన్ మొదటి రోజే చెప్పింది. ఆమె తల్లి పగలు లాండ్రీలో ఇస్త్రీ చేసేది, సాయంత్రాలు సేనాపతి వేషం కట్టేది. భవనం పోయినా, హాలు పోయినా ఆ ఒక్క అంగీ పక్కన తల్లి పేరు కనిపించాలని ఆమె కోరిక. దానికోసమే పెట్టెలు మాకిచ్చింది. చక్రవర్తి వచ్చి కూర్చుంటే ఇస్త్రీ చేసిన మనిషికి చోటెక్కడ?

రిచర్డ్ నా గదికి వచ్చి అంగీ మెడపట్టీ చూపించాడు. తెల్లగా, ఎర్రగా, జిడ్డుగా అట్టకట్టిన మరక.

"విమలా, ఈ కాలరు అసహ్యంగా ఉంది. ప్రారంభోత్సవం లోపు శుభ్రం చేసెయ్."

"అది మురికి కాదు, మేకప్."

"మేకప్ మురికి కాదా?"

"కొలువులో ఏ ఉద్యోగి ముఖానికి తెల్లరంగు, బుగ్గలకి ఎర్రరంగు పట్టించుకుని చక్రవర్తి ముందుకి వెళ్ళాడు?"

"ముందు దర్బారుదే. తర్వాత నాటకాలవాళ్ళ చేతికి వచ్చి ఉండొచ్చు."

ఈ వృత్తిలో మీరు అన్నిటికంటే ఎక్కువ అనుమానించాల్సిన మాట 'ఉండొచ్చు'. అది అబద్ధం కాదు, అందుకే దాన్ని పట్టుకోలేం. ఎవరైనా అనొచ్చు, ఎవరూ బాధ్యత పడక్కర్లేదు. వ్యాపారి నోట్లో 'ఉండొచ్చు', అధికారి నోట్లో 'బహుశా', చీటీ మీదికి ఎక్కేసరికి ఆ కాస్త సందేహమూ రాలిపోయి వట్టి సత్యం మిగులుతుంది. శుభ్రం చేయమనడంలో రిచర్డ్‌కి దురుద్దేశం ఉందా? లేదనే అనుకుంటాను. కానీ మరక పోతే తన మాటకి అడ్డం వచ్చే ఏకైక సాక్షి పోతుందని ఆయనకి తెలియదా? తెలుసు. ఈ రెండూ ఒకే మనిషిలో హాయిగా ఉంటాయి. నేను కూర్చోకుండా నిలబడ్డాను. ఆయన కాసేపు కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

అంగీ చేతుల చివర సూది రంధ్రాల వరస ఉంది. ఏదో కుట్టి విప్పిన గుర్తు. పెట్టె అడుగున చుట్టి పెట్టిన తెల్ల పట్టు ముక్కలు పరిచి చూస్తే వాటి రంధ్రాలు అంగీ రంధ్రాలతో సరిగ్గా కలిశాయి. నటులు గాల్లోకి విసిరి ఆడించే పొడుగు చేతులవి. ఉతకడానికి ఊడదీసి పెట్టారు. ఆ వరస తప్ప చేతుల చివర అంతకంటే పాత కుట్టు గుర్తు ఇంకొకటి లేదు. ఇది నాటకంవాళ్ళ అంగీయే, మొదటి కుట్టు నుంచీ. రంధ్రాలు చూపించాను. రిచర్డ్ "ఆసక్తికరంగా ఉంది" అన్నాడు. అధికారి అలా అన్నాడంటే వినలేదని అర్థం.

మన డాక్టరుగారి సలహా

మా మ్యూజియం కమిటీలో మన తెలుగువారు ఒకరుండేవారు, డాక్టర్ మూర్తిగారు. పెద్ద గుండె వైద్యులు, దాత, సభల్లో మొదటి వరస. రిచర్డే పంపాడో, తనే వచ్చారో గాని, ఒక మధ్యాహ్నం కాఫీ పట్టుకుని నా గదికి వచ్చారు.

"విమలగారూ, మీరు మరీ సీరియస్‌గా తీసుకుంటున్నారు. ఎంపరర్ కోర్టు అంటే జనం లైన్ కట్టి చూస్తారు. డ్రామాలాళ్ళ డ్రెస్ అంటే ఎవరాగుతారు చెప్పండి?"

"డాక్టరుగారూ, పేషెంటుకి ఉన్న జబ్బు రాస్తారా, చుట్టాలకి నచ్చే జబ్బు రాస్తారా?"

"అబ్బ, అదీ ఇదీ ఒకటేనా! ఆ పెద్దావిడకి కూడా మంచిదే కదండీ. వాళ్ళమ్మ లాండ్రీలో చేసిందని అందరికీ చెప్పుకోవడం ఏం గౌరవం?"

"గౌరవం కాదని ఆవిడ అన్లేదు. మీరంటున్నారు."

"మీతో ఆర్గ్యూ చేయలేమండీ బాబూ. మా ఆవిడ ముందే చెప్పింది వెళ్ళొద్దని."

ఆయన నవ్వుతూ వెళ్ళారు. నాకు నవ్వు రాలేదు. 'డ్రామాలాళ్ళు' అనే ఆ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. పందిట్లో వాళ్ళ పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన చేతులే మర్నాడు వాళ్ళకి అరుగు మీద వేరే గ్లాసులో టీ ఇచ్చేవి. ముఖానికి పూసుకున్న తెల్లరంగు సఫేదాలో సీసం ఉందా, జింకు ఉందా అని ఎవరూ అడగలేదు. రాత్రి రాజైన మనిషి పొద్దున ఎవడో కూడా అడగలేదు. సముద్రం దాటి వచ్చి, ఇంకో దేశం జనం గుడ్డల దగ్గర కూడా మనవాళ్ళు అదే గ్లాసు తీస్తున్నారు. వేషం కావాలి, వేసుకున్న మనిషి వద్దు. ఇది రిచర్డ్‌కి ఎవరు నేర్పారో తెలియదు గాని, మూర్తిగారికి మనమే నేర్పాం.

మిసెస్ చిన్‌నీ నమ్మలేదు

ఇక్కడిదాకా చదివి మీరు నా పక్షాన చేరిపోయి ఉంటారు. అదే వద్దంటున్నాను. దర్బారు కథ అబద్ధమైనంత మాత్రాన లాండ్రీ కథ నిజమైపోదు. ముసలావిడ మంచిది, కథ బాగుంది, మనకి నచ్చింది. సరిగ్గా ఇలాంటి చోటే మోసపోతాం. కుటుంబాల కథల్లో అబద్ధం ఉండదని కాదు, అది ప్రేమతో చెప్పిన అబద్ధం గనక కనిపించదు.

"ఈ అంగీ అమ్మ తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు" అని మిసెస్ చిన్ పదే పదే చెప్పేది. నేను అంగీని లోపలికి తిప్పాను. కింద అంచు ఒకసారి మడిచి కుట్టారు, తర్వాత విప్పారు. నడుము దగ్గర కుట్టు వదులు చేశారు. లోపలి చేతికుట్టు ఒక మనిషిది కాదు. ఒకటి చీమల బారులా సన్నం, ఇంకొకటి గోనెసంచి కుట్టినట్టు మోటు. ఎడమ చంక కింద మిషను మీద వేసిన గుడ్డ అతుకు ఒకటి ఉంది. మెడపట్టీ మరకని, రంగులో ఏ లోహం ఉందో చూపే యంత్రం కింద పెడితే అడుగు పొరలో సీసపు తెలుపు, పై పొరలో టైటానియం తెలుపు కనిపించాయి. సీసపుది పాతకాలపు రంగు, టైటానియంది చాలా తర్వాతది. ఈ అంగీని ఒక్క మనిషి కాదు, ఒక్క తరమూ కాదు, చాలామంది తొడుక్కున్నారు.

ఆ సంగతి ఆమెకి చెప్పాను.

"నువ్వు నా వైపు అనుకున్నాను" అంది.

"నేను ఎవరి వైపూ కాదండీ."

"ఎవరి వైపూ కాకపోవడం చాలా సుఖమైన ఉద్యోగం."

చేతికర్ర తీసుకుని లేచి వెళ్ళిపోయింది. మీరు ఈ పనిలోకి వస్తే మీకూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అనుమానించడం మానకండి. ఆ మాట మర్చిపోకండి కూడా.

అతుకు కింద

కొన్నాళ్ళకి ఆమె తనంతట తనే బస్సెక్కి వచ్చింది. పలకరింపు లేదు. "లోపలికి తిప్పి చూపించు" అంది.

"ముందు మీరు చెప్పండి. మీ అమ్మగారు ఈ అంగీకి ఏం మార్పు చేసుకున్నారు? చూడకుండా చెప్పాలి."

"పరీక్షా?"

"అవును."

ఆమె కళ్ళు మూసుకోలేదు, నిట్టూర్చలేదు. కూరలబేరం ఆడుతున్నట్టు చెప్పింది. "అమ్మ పొట్టిది. కింద మడిచి కుట్టుకునేది. కుట్టు చాలా సన్నం. ఎడమ చంక కింద లోపల ఎర్ర నాడా ఒకటి కుట్టుకుంది, అంగీ జారిపోకుండా లాగి కట్టుకోవడానికి. అమ్మ తర్వాత ఆ వేషం కట్టిన అంకుల్ హో ఆ నాడా పీకేశాడు. గాడిద! చిరిగితే పైన గుడ్డ వేయించాడు."

మడిచిన అంచు పైకి కనిపించేదే. పెట్టెలు ఇన్నాళ్ళూ ఆమె చేతిలో ఉన్నాయి గనక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కానీ చంక కింది అతుకు చుట్టూ గట్టిగా కుట్టేసి ఉంది. దాన్ని విప్పి మళ్ళీ కుట్టిన గుర్తు లేదు. ఆమె ముందే నాలుగు కుట్లు విప్పి దీపం పెట్టాను. కింద చిరిగిన పట్టు, ఆ చిరుగు పక్కన సన్నటి కుట్టులో ఇరుక్కుని ఎర్రదారం పోగులు. నాడాని లాగి పీకితే మిగిలేవి.

"చెప్పానా!" అంది. నా మొహంలోకి చూసి, "ఇంకా అనుమానమేనా?" అని అడిగింది.

"కొంచెం."

ఆమె నవ్వింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, అంగీ లోపలివైపు మీద చెయ్యి ఆనించకుండా వేలు ఆడిస్తూ మొదలుపెట్టింది. "ఈ నడుము దగ్గర వదులు చేసింది కూడా హోయే. స్టేజి మీద సేనాపతి, కింద వంటవాడు. వండిందంతా ముందు తనే తినేవాడు. ఈ మోటుకుట్టు వాళ్ళావిడది. అరిచేది గాని కుట్టడం రాదు."

"మరి కాలరు మీద పైపొర? అదీ హోదేనా?"

ఆమె వేలు ఆగింది.

"అది నేను" అంది. "ఒక్కసారి. అమ్మ పోయాక. మొదటి పాటలోనే గొంతు జీరపోయింది. జనం నవ్వారు. మళ్ళీ ఎక్కలేదు."

ఎవరూ ముట్టుకోలేదని ఆమె అన్నది తల్లిని పెంచడానికని నేను అనుకున్నాను. తనని తాను చెరిపేసుకోవడానికి అంది. మూడు కథలు విన్నాను ఆ అంగీ గురించి: వ్యాపారిది, రిచర్డ్‌ది, మిసెస్ చిన్‌ది. మూడూ ఆ మెడపట్టీని కడిగేసేవే. మొదటి రెండూ సేనాపతిని పోగొడతాయి, మూడోది కూతుర్ని పోగొడుతుంది.

"నా పేరు రాయకు" అంది.

"రాయకపోతే నేనూ రిచర్డ్ ఒకటే."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అమ్మది పెద్దక్షరాల్లో. హోది మధ్యరకం. నాది అందరికంటే చిన్న."

అలాగే వేయించాను. 'తాను వేసుకున్నానని మిసెస్ చిన్ చెప్పారు' అని రాశాను. ఆ పైపొర ఆమెదేనని నేను రుజువు చేయలేదు గనక అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయలేదు. చదివి, "కొంచెం అనుమానం మిగిల్చావు" అంది. కోపంగా మాత్రం అనలేదు.

రిచర్డ్ ఎలా ఒప్పుకున్నాడని అడుగుతారు. సత్యం గెలిచిందని రాస్తే నాకే సిగ్గు. సీసం, టైటానియం పొరల మాట మూర్తిగారి చెవిన పడింది. "సైన్స్ ఎగ్జిబిట్ అంటే స్కూలు పిల్లల్ని బస్సుల్లో తీసుకొస్తారు" అని కమిటీలో ఆయనే వాదించారు. చక్రవర్తి కంటే బస్సులు నయమనిపించింది వాళ్ళకి. సరైన పని తప్పుడు కారణంతో జరిగితే కారణాన్ని గుర్తుపెట్టుకోండి, పనిని వదులుకోకండి. అంగీని చైనాటౌన్ గదిలోనే పెట్టాం. లోపలివైపు కనిపించేటట్టు కింద అద్దం, మెడపట్టీ కడగకుండా బయటికి మడత. చెక్క పిల్లవాడి చీటీలో 'బిడ్డ' కూడా చేరాడు.

ఇక మీ వంతు

మీ ఊళ్ళో తెలుగు సంఘానికి అద్దె స్టోరేజీలో ప్లాస్టిక్ డబ్బాలు ఉన్నాయి. వాటిల్లో కిరీటాలు, భుజకీర్తులు, తగరం గదలు, చెమటపట్టిన జరీ అంగీలు ఉన్నాయి. కొత్త కమిటీ వచ్చినప్పుడల్లా "ఇవన్నీ డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేద్దాం, లేకపోతే పారేద్దాం" అంటుంది. వాటిని తొడుక్కున్నవాళ్ళు ఇంకా మీ మధ్యే ఉన్నారు. ఒకాయన పోస్టాఫీసులో చేసి రిటైరై ఉంటాడు, ఒకావిడ మోటెల్ నడిపి ఉంటుంది. మీరు వాళ్ళని అంకుల్, ఆంటీ అని పిలుస్తారు గాని, ఆ కిరీటం లోపలి చెమట ఎవరిదో ఎప్పుడూ అడగలేదు.

ఈ శనివారం వెళ్ళండి. మూత తీయండి. దేన్నీ ఉతకనివ్వకండి. ప్రతి అంగీనీ లోపలికి తిప్పి, వాళ్ళని పిలిచి, ఎవరు వేసుకున్నారో అడగండి. చెప్పింది వెంటనే నమ్మకండి, కుట్టు చూడండి. నిజమని తేలినంతవరకే రాయండి, కానీ పేరు పెట్టి రాయండి. ఎవరైనా "ఇప్పుడివన్నీ ఎందుకమ్మా, కూర్చో" అంటే కూర్చోకండి. జవాబు వచ్చేదాకా నిలబడండి.